నాలుక కొసన ఉప్పు

“ఉప్పు చూసి ఉమ్మేయ్ పాపా, నీకేం తప్పులేదు,” అంది హబీబమ్మ, గరిటె కోడలి చేతిలో పెడుతూ.

పొద్దు గుంకడానికి ఇంకా కొంచెం సేపుంది. పొయ్యి మీద గంజి కుతకుతలాడుతోంది. ఆరీఫా గరిటె కొసన ఒక బొట్టు తీసుకుని నాలుకకు తగిలించి, గబగబా గిన్నెలు కడిగే జాలాడి దగ్గరకు పోయి ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చింది. ఉప్పు చాల్లేదు. ఇంకో చిటికెడు వేసింది. మళ్ళీ బొట్టు, మళ్ళీ జాలాడి. సోమందేపల్లెలో ఆ వీధి వీధంతా రంజాన్ నెలలో ఆడవాళ్ళు వాసన బట్టి, పొంగు బట్టి, చేతి లెక్క బట్టి ఉప్పు వేసి వండుతారు. రోజాలో, అంటే ఉపవాసంలో, నోట్లో ఏదీ పడకూడదు కదా. ఎక్కువైనా తక్కువైనా రోజా విడిచేటప్పుడు అందరూ సర్దుకుని తింటారు, ఫలానా వాళ్ళింట్లో ఈ రోజు సముద్రం పొంగిందని నవ్వుకుంటారు. ఒక్క ఆరీఫాకే ఉప్పు చూసే సెలవు. ఎందుకో ఆ వీధిలో అందరికీ తెలుసు. మొగుడు కోపిష్ఠివాడై, కూరలో ఉప్పు కుదరకపోతే రాద్ధాంతం చేసే రకమైతే, ఆ ఇంటి ఆడది రోజాలో ఉండి కూడా నాలుక కొసన రుచి చూసి ఉమ్మేయొచ్చని పెద్దలెప్పుడో దయతలచి చెప్పారు. దాని వల్ల రోజా చెడిపోదట.

దయే, కాదనడానికి లేదు. కానీ ఆ దయ పుచ్చుకోవాలంటే ముందు నా మొగుడు అలాంటివాడని ఒప్పుకోవాలి. రోజూ ఒప్పుకోవాలి. జాలాడి దగ్గర వంగిన ప్రతిసారీ ఆరీఫాకు ఒళ్ళంతా ముడుచుకుపోయేది. పక్కింటి షీరీన్ ఒకసారి కొళాయి దగ్గర నలుగురిలో అననే అంది, “మాకేముండాది వదినా, గుడ్డిగా వండాల్సిందే. నీ మాదిరి సెలవు మాకు యాడ దొరుకుతాది,” అని. అందరూ నవ్వారు. ఆరీఫా కూడా నవ్వింది. ఏడవకుండా ఉండాలంటే ఇంకేం చేస్తుంది?

బయట చూసినవాళ్ళు బాబావలి గురించి ఈ మాట చెబితే నమ్మరు. బస్టాండు దగ్గర పరుపుల దుకాణం అతనిది. తాతల నాటి నుంచీ దూది ఏకిన ఇల్లు. గంటసేపు బేరమాడి ఏమీ కొనకుండా పోయేవాళ్ళను కూడా “మళ్ళీ రాన్నా” అని సాగనంపుతాడు. మసీదులో గంజి పోసేటప్పుడు ముసలివాళ్ళకు తనే గిన్నె పట్టుకుంటాడు. ఆ ఓపికంతా గడప దాటగానే ఏమైపోతుందో దేవుడికే తెలియాలి. పెళ్ళయిన కొత్తలో, ఇంటి నిండా చుట్టాలున్న రోజు, ఖీమాలో ఉప్పు తక్కువైందని ప్లేటు తీసి గోడకేసి కొట్టాడు. ఆరీఫా నాయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయన తల దించుకుని తన ప్లేటులోది తినేశాడు. ఆరీఫా నేల తుడిచింది. అప్పుడే హబీబమ్మ కోడల్ని వంటింటి మూలకు పిలిచి, పెట్టెలోంచి నగ తీసి ఇస్తున్నంత ప్రేమగా ఈ సెలవు సంగతి చెవిలో వేసింది. “వాడు అట్లాంటోడే. ఏం చేస్తాం. నువ్వు చూసి ఉమ్మేయొచ్చు, నీకు చెల్లుతాది.” ఆ రోజు నుంచి ఆరీఫాకు ఒక్క రోజా కూడా నిండుగా ఉన్నట్టు అనిపించలేదు. చెడిపోలేదని ఎంతమంది చెప్పినా సరే.

హైవే పక్కన ఫ్యాక్టరీకి వచ్చిపోయే విదేశీ ఇంజనీర్ల కోసం కట్టిన గెస్ట్‌హౌస్‌లో ఆమె పనికి చేరి మూడో రంజాన్ ఇది. గిన్నెలు తోమడం, కూరగాయలు తరగడం, గదులు తుడవడం. పోతే పో, ఇంట్లో పని మాత్రం ఆగకూడదన్నాడు బాబావలి. ఆగలేదు. తెల్లవారుజామున సహరికి లేచి వండి, అందరికీ పెట్టి, పనికి పోయి, వచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడేది. అయినా ఆ గెస్ట్‌హౌస్ అంటే ఆమెకు ప్రాణం. దానికి కారణం ఎవరికీ చెప్పలేదు, చెప్పినా నవ్వుతారు. అక్కడి వంటమనిషి నాగేశ్వర ఎప్పుడైనా మరిచిపోయి “ఉప్పు చూడక్కా” అంటే, “రోజాలో ఉండాను, చూడకూడదు” అనేది. “అవును కదా” అని అతనే చూసుకునేవాడు. అంతే. ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆమె నడుము నిటారుగా అయ్యేది. అక్కడ ఆమె ఎవరి పెళ్ళామో, ఆ మొగుడు ఎలాంటివాడో ఎవరికీ తెలియదు. అందరిలాంటి ఆడదే, అందరిలాంటి రోజానే.

ఆ గెస్ట్‌హౌస్‌లో మెయ్‌లిన్ అని తైవాన్ ఆమె ఉండేది, ఫ్యాక్టరీలో మిషన్లు బిగించే ఇంజనీరు. మొగుడు ఎమిల్‌ది ఫ్రాన్స్. ఆమె వెంట వచ్చి, గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తన పని చేసుకునేవాడు. ఈ రంజాన్‌లో ఒక ఆదివారం వాళ్ళ పెళ్ళిరోజు వచ్చింది. ఏటా ఆ రోజు ఒక కూర వండుకోవడం వాళ్ళకు అలవాటట. ఎమిల్ వాళ్ళమ్మ పెద్దకూరను వెన్నలో వేయించి, ద్రాక్షసారా పోసి, క్యారెట్లతో గంటల తరబడి ఉడికించేదట. మెయ్‌లిన్ వాళ్ళమ్మ అదే మాంసాన్ని సోయా సాస్, అనాసపువ్వు, అల్లం, కలకండ వేసి ఉడికించేదట. పెళ్ళయిన కొత్తలో ఎవరి కూర గొప్పదని పోట్లాడుకుని, ఆఖరికి రెండూ ఒకే గిన్నెలో వేసేశారట. మేనేజరు గిరి ఇదంతా తెలుగులో చెబుతుంటే ఆరీఫా నోరు తెరుచుకుని విన్నది. మొగుడూ పెళ్ళాం కూర గురించి పోట్లాడుకుంటే ఒక కొత్త కూర పుడుతుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. తనకు తెలిసిన పోట్లాటలో ప్లేటు పగులుతుంది, అంతే.

నాగేశ్వర ఆ రోజుకు సెలవు పెట్టాడు. “ఆ కూర వండే పొయ్యి కాడ నేను నిలబడలేనక్కా, తప్పుగా అనుకోవద్దు,” అన్నాడు మర్యాదగానే. దాంతో వంట ఆరీఫా మీద పడింది. దున్న మాంసం పెనుకొండ నుంచి తనే తెచ్చింది, నల్ల కవర్లో చుట్టి, పైన కరివేపాకు కట్ట పెట్టుకుని, ఆటోలో కాళ్ళ మధ్య దాచుకుని. కొత్త గిన్నె ఒకటి కొన్నారు, పని అయ్యాక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు గిరి. ఎవరైనా అడిగితే మటన్ అని చెప్పమన్నాడు. సరేనని తల ఊపింది. ఊపాక సిగ్గేసింది. పండగకు తను ఇష్టంగా తినే కూర, పేరు మార్చి చెప్పాల్సి వచ్చిందే అని.

సారా మాత్రం తను ముట్టుకోనని చెప్పింది. గిరి నసిగాడు గానీ ఎమిల్ అర్థం చేసుకున్నాడు. బుక్కరాయసముద్రం వైపు తోటల నుంచి వచ్చిన నల్ల ద్రాక్ష తెప్పించి, పిండి, ఆ రసాన్ని సగానికి మరిగించారు. వాళ్ళ దేశపు ఆకు ఏదో కావాలన్నాడు ఎమిల్, ఇక్కడెక్కడ దొరుకుతుంది? గెస్ట్‌హౌస్ వెనక కుండీలో ఉన్న వామాకు తుంచి చూపించింది. వాసన చూసి అతను సంతోషంగా తల ఊపాడు. క్యారెట్ల తొక్క అతనే తీశాడు. మాంసం ముక్కలు వెన్నలో ఎర్రగా వేగుతుంటే ఆరీఫాకు కడుపులో పేగులు కదిలాయి. అయినా అది మంచి ఆకలి. సారాలేని, నోట్లో బొట్టు కూడా పడని నిండు రోజా ఆకలి.

పదకొండు గంటలకు ఫ్యాక్టరీలో మిషను మొరాయించిందని మెయ్‌లిన్‌కు ఫోనొచ్చింది. పోతూ పోతూ గిరి చేత చెప్పించింది, సోయా సాస్‌లోనే బోలెడు ఉప్పుంటుంది, తను వచ్చేదాకా ఉప్పు వేయొద్దని. ఆరీఫా విన్నది, సరే అన్నది. ఎమిల్‌కు కూడా ఏదో మీటింగు ఉండి పైకి పోయాడు. ఇక వంటింట్లో ఆమె, ఆ గిన్నె. అనాసపువ్వు వేసింది. అల్లం దంచి వేసింది. సోయా పోసింది, ద్రాక్షరసం పోసింది, కలకండ వేసింది. వాసన ఒక్కసారిగా లేచి వంటిల్లంతా కమ్మేసింది. ఎక్కడి తైవాన్, ఎక్కడి ఫ్రాన్స్, వచ్చిన వాసన చూస్తే పెళ్ళిళ్ళలో బిర్యానీ డేగిశా మూత తీసినట్టే ఉంది. ఆరీఫాకు అంత సంతోషం ఎన్నేళ్ళకు కలిగిందో. ఎవరూ ‘ఇంకా కాలేదా’ అని అరవడం లేదు. ఈ కూర బాగా కుదిరితే ‘ఎవరు వండినారు’ అని అడుగుతారు, ‘ఆరీఫా’ అని చెబుతారు.

మూత పెట్టబోతూ ఉప్పు వేసింది.

వేస్తున్నట్టు ఆమెకు తెలియనే లేదు. చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయింది, గుప్పెడు పట్టింది, చల్లింది, పిడికిలి దులిపింది. ఇంట్లో మూత పెట్టే ముందు చేసే పని అది. బాబావలికి ఉప్పు ముక్కలోకి దిగాలి, పైపైన ఉంటే తెలిసిపోతుంది అతనికి. గిన్నె మూత పడ్డాక కూడా ఆమెకు గుర్తు రాలేదు. కడిగిన చేతులు కొంగుకు తుడుచుకుని, గోడకానుకుని కూర్చుని, మధ్యాహ్నం దాకా మంట చూసుకుంది.

మెయ్‌లిన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికే ఎమిల్, తక్కిన ఇంజనీర్లు అందరూ భోజనాల బల్ల దగ్గర చేరారు. ఆరీఫానే గిన్నె మోసుకొచ్చి పెట్టింది. మాంసం వెన్నలా ఉడికింది, పులుసు నల్లగా, చిక్కగా మెరుస్తోంది. ‘అబ్బ’ అన్నారు చూసి. మెయ్‌లిన్ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఎమిల్ ఆమె మొహం చూశాడు, తనూ తిన్నాడు, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఇంకొకాయన దగ్గాడు. ఒక్కొక్కరే చెంచాలు కింద పెట్టి, ఎదుటివాళ్ళ మొహంలోకి చూడకుండా అన్నం కెలుక్కుంటున్నారు. గిరి ఒక ముక్క నోట్లో వేసుకోకుండానే సంగతి పట్టేశాడు.

“ఏమక్కా, ఉప్పు చూడలేదా?” అన్నాడు అందరి ముందూ.

“రోజాలో ఉండాను సార్,” అంది ఆరీఫా.

గిరి దాన్ని ఇంగ్లీషులో వాళ్ళకు చెప్పాడు. అందరూ ‘ఓ’ అని జాలిగా చూశారు. ఒకామె చెయ్యి పట్టుకుని పర్వాలేదన్నట్టు నిమిరింది. భూమి చీలిపోతే బాగుండునని అనిపించింది ఆరీఫాకు. కూర పాడైనందుకు మాత్రమే కాదు. తప్పు రోజా మీదికి పోయింది, అది ఆమె భరించలేకపోయింది. వాళ్ళ వీధిలో అంతమంది ఆడవాళ్ళు రుచి చూడకుండానే చక్కగా వండుతున్నారు. రోజా ఏం చేసింది పాపం? మూత పెట్టబోతూ చల్లిన గుప్పెడు ఇప్పుడు గుర్తొచ్చింది. వద్దని చెప్పినా వేసిన చెయ్యి తనది. ఈ గెస్ట్‌హౌస్‌లో ఒక్క చోటైనా బాబావలి లేడనుకుంది. వచ్చి కూర్చోనే కూర్చున్నాడు, ఆమె పిడికిట్లోనే.

వంటింట్లోకి పోయి మొహం గోడకు తిప్పుకుని నిలబడింది. మెయ్‌లిన్ వెనకే గిన్నె పట్టుకుని వచ్చింది, గిరిని కూడా పిలుచుకుని. కోపంగా లేదు. పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టి, సగం పులుసు దాంట్లో పోసి, ఉప్పు వేయని నూడుల్స్ ఉడకేసింది. సర్దుకుంటుందని సైగ చేసింది. తర్వాత ఆరీఫా పక్కకు వచ్చి ఏదో అడిగింది. గిరి ఇబ్బందిగానే చెప్పాడు.

“మీ ఇంట్లో ఇంత ఉప్పు ఎవరు తింటారని అడుగుతాంది అక్కా.”

“మా ఆయన.”

“మరి నువ్వెంత తింటావు అంటాంది.”

చెప్పడానికి నోరు తెరిచింది ఆరీఫా. పుట్టింట్లో ఉన్నప్పుడు ఏ రుచి ఇష్టమో గుర్తు చేసుకోవాలని చూసింది, రాలేదు. ఇన్నేళ్ళూ తను ఉప్పు చూసింది, ఎన్ని వేల సార్లు చూసిందో, ఒక్కసారి కూడా తనకు సరిపోయిందా అని చూడలేదు. ఆయనకు సరిపోతుందా అనే చూసింది. తన నాలుకను తను ఎప్పుడూ ఏమీ అడగలేదు. మెయ్‌లిన్ ఆమె మొహంలోకి చూసి, మెల్లగా రెండు మాటలంది. గిరి గొంతు కూడా తగ్గింది.

“వాళ్ళమ్మ చెయ్యి కూడా ఇట్లే ఉండేదంట. చచ్చిపోయేదాకా వాళ్ళ నాయన నాలుకతోనే వండిందంట.”

ఆ మాటతో ఆరీఫాకు ఏడుపు ఆగలేదు. పరాయి ఆడదాని ముందు, మేనేజరు ముందు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చినందుకు మళ్ళీ సిగ్గుపడింది. తర్వాత గిరి చెప్పినట్టే, ఆ కూర వండిన జాడ లేకుండా బల్లలు, పొయ్యి, నేల అన్నీ ఫినాయిలుతో కడిగింది. నీళ్ళు కలిపి పలచన చేయగా మిగిలిన కూరను కొత్త గిన్నెతో సహా ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఇంటికొచ్చేసరికి హబీబమ్మ ఖర్జూరాలు కడుగుతోంది. కూర చూసి సంబరపడింది, ఎవరిదీ ఈ నల్ల కూర అని వాసన చూసింది. ఆరీఫా ఆ మొగుడూ పెళ్ళాల సంగతి చెప్పింది, ఉప్పు సంగతి చెప్పలేదు. గిన్నె పొయ్యి మీద పెట్టి వెచ్చజేసింది. హబీబమ్మ అలవాటుగా గరిటె అందించింది. “వాడొచ్చే టైమైంది. చూసి ఉమ్మేయ్.”

ఆరీఫా గరిటె తీసుకుని గిన్నె పక్కన పెట్టేసింది. “నేను చూడనత్తా.”

“అదేంది?”

“రోజాలో ఉండాను.”

హబీబమ్మ అర్థం కానట్టు చూసింది. కొత్తగా రోజాలో ఉండడమేమిటి, నెల మొదలైన దగ్గర్నుంచీ ఉంటూనే ఉంది కదా. ఇంతలో బాబావలి వచ్చాడు, మసీదులో పోసి వచ్చిన గంజి వాసనతో, టోపీతో. కాళ్ళు కడుక్కుని నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటూ తల్లి మొహమూ పెళ్ళాం మొహమూ చూశాడు. ఏమైందన్నాడు. హబీబమ్మ సర్దబోయింది, ఏం లేదులే, గెస్ట్‌హౌస్‌లోది కూర తెచ్చింది, ఉప్పు చూడలేదంట అని.

“ఏం? నాలుక పడిపోయిందా?” అన్నాడు బాబావలి. గొంతు ఇంకా పెద్దది కాలేదు, కానీ అవుతుంది. ఆ మెట్లు ఆరీఫాకు బాగా తెలుసు. మామూలుగా అయితే మొదటి మెట్టులోనే లేచి పొయ్యి దగ్గరకు పరుగెత్తేది.

ఈసారి పరుగెత్తలేదు. సిగ్గుగా ఉంది, అత్త ముందు ఈ మాట అనాల్సి వస్తోందే అని. అయినా అంది.

“ఉప్పు చూడొచ్చని పెద్దలు చెప్పింది అందరి ఆడోళ్ళకీ కాదు. మొగుడు కోపిష్ఠోడైతేనే. నీకూ తెలుసు, నువ్వూ మసీదులో విన్యావు. అంటే నేను ఉప్పు చూసిన ప్రతి రోజూ, ఇట్లాంటోడు నా మొగుడు అని అల్లా ముందర నీ మీద సాక్ష్యం చెప్తాండా. పెండ్లయిన కాడ నుంచీ చెప్తానే ఉండా. నాకు సిగ్గుగా ఉండాది. ఇంక చెప్పను.”

హబీబమ్మ ఖర్జూరాల ప్లేటు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయింది. ఆమె కూడా ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఆడదే. ఆమెకు ఆ సెలవు సంగతి చెవిలో చెప్పింది ఆమె అత్త. ఆ సాక్ష్యం ఆమె ఎన్నేళ్ళు చెప్పిందో. కొడుకు వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ ప్లేటు మెల్లగా కింద పెట్టింది. బాబావలి మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. అల్లా పేరు మధ్యలో అడ్డం ఉంది. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడే మసీదులో అజాన్ మొదలైంది.

ముగ్గురూ ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. ఆరీఫా కూర వడ్డించింది, అతనికి, అత్తకు, తనకు కూడా. ఉప్పు చిన్న గిన్నెలో పోసి మధ్యలో పెట్టింది. ఎప్పుడూ అందరూ తిన్నాక తినే మనిషి, వాళ్ళతో పాటే కూర్చుంది. బాబావలి ఒక ముద్ద తిన్నాడు.

“సప్పగుండాది,” అన్నాడు.

ఆరీఫా లేవలేదు. అతని మొహం వైపు కూడా చూడలేదు. ముక్క తుంచి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకుని, తొందరపడకుండా నమిలి మింగింది.

“నాకు సరిపోయింది,” అంది.